అడిగే కుర్చీ

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అందరూ అంటారు. అననీ. ఈ ఆఫీసు నడుస్తున్నదే నా నోటి మీద.

ఆఫీసంటే పెద్ద భవంతేమీ కాదు. మందుల షాపు పైన మూడు గదులు. ముందు గదిలో సరుకుల సంచులు, నడిమి గదిలో మా బల్లలు, వెనక గదిలో ఒక మేజా, రెండు కుర్చీలు. ఇల్లు గడవని వాళ్ళు మా దగ్గరికి వస్తారు. పని పోయిన వాళ్ళు, జబ్బు చేసి మంచాన పడ్డవాళ్ళు, అద్దె కట్టలేక ఇంటాయనకు మొహం చాటేస్తున్న వాళ్ళు. సరుకులిస్తాం, కరెంటు బిల్లు కడతాం, పిల్లల స్కూలుకు వెళ్ళి ఫీజుకు గడువు అడుగుతాం. చుట్టుపక్కల వీధుల వాళ్ళు తలా కాస్త వేసుకుని పెట్టుకున్న సంఘం ఇది. రిటైరైన పోస్టుమాస్టారు అధ్యక్షుడు. నేను మేనేజర్ని. నాకు సాయంగా ఒకమ్మాయి ఉంది. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని రేడియో అని పిలుస్తాం. అదీ పలుకుతుంది.

వెనక గదిలో తలుపు వైపున్న కుర్చీ పేరు అడిగే కుర్చీ. ఆ పేరు పెట్టింది నేనే, దానికి నియమం పెట్టిందీ నేనే. సాయం కావలసినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిచి అడగాలి. అడగకుండా మేం ఎవరికీ ఏమీ ఇవ్వం. ‘మీకేమైనా ఇబ్బందా’ అని మాకై మేం ఆరా తీయం. అడిగాక మాత్రం రేపు రా, ఎల్లుండి రా అనం.

వినడానికి కటువుగా ఉంటుందని నాకూ తెలుసు. కానీ నేను చేరకముందు ఒకసారి, పక్కింటివాళ్ళు చెప్పారని, మావాళ్ళు ఒక టైలరు ఇంటికి పట్టపగలు, వీధంతా చూస్తుండగా సరుకుల సంచి మోసుకెళ్ళారట. ఆయన ఆ సంచి తీసుకొచ్చి ఈ గుమ్మంలో పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడట. వారం తిరక్కుండా ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయింది. గుట్టుగా బతుకుతున్న మనిషిని నడివీధిలో నిలబెట్టడం సాయమెలా అవుతుంది? ఆ సంగతి విన్నాకే నేను ఈ నియమం పెట్టాను. అడిగినవాళ్ళకు మూడే ప్రశ్నలు. ఏం కావాలి? ఎప్పటికి కావాలి? ఇంట్లో ఇంకెవరికైనా ఏమైనా కావాలా? నాలుగో ప్రశ్న వేసినవాళ్ళ నాలుక కోస్తానని మావాళ్ళకు చెప్పి ఉంచాను.

ఇక ఆ రోజు సంగతి. ఆ రోజు సాయంత్రం లోపు బిల్లు కట్టకపోతే మా ఇంట్లో కరెంటు తీసేస్తారు.

అవును, మా ఇంట్లోనే. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. పాపం ఆ మనిషి ఎక్కని గుమ్మం లేదు. చివరికి వేరే ఊళ్ళో ఏదో గోడౌన్లో పని దొరికితే వెళ్ళాడు. మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు. నా జీతం అద్దెకూ, మా అత్తయ్య మందులకూ సరి. అమ్ముకోదగ్గవన్నీ అమ్మేశాను. బీరువాలో ఇక బీరువా ఒక్కటే మిగిలింది.

కరెంటు లేకపోతే దీపం పెట్టుకుంటాం, దానికేం. కానీ అత్తయ్యకు ఆయాసం. మందు ఆవిరి పట్టే చిన్న మెషీను ఒకటుంది, ప్లగ్గులో పెడితే బుర్రుమని మోగుతుంది. అత్తయ్య దాన్ని ‘నా రెండో కోడలు’ అంటుంది, పెద్ద కోడల్లాగే దీనికీ నోరు మూతపడదట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అది మోగకపోతే ఆవిడకు రాత్రి గడవదు. మంచం మీద కూర్చుని, దిండు గుండెకు హత్తుకుని, ఒక్కో ఊపిరీ గుంజుకుంటూ ఉంటుంది. చూసేవాళ్ళకే ప్రాణం పోతుంది.

వెళ్ళేముందు మా ఆయన ఒక్కటే మాటన్నాడు. “మీ సంఘంలో అడగరాదూ?”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఊళ్ళో వాళ్ళందరికీ ఇచ్చే చేత్తో నేను చెయ్యి చాపాలా? చచ్చినా అడగను. మీరూ ఎవరి దగ్గరా నోరు జారొద్దు,” అన్నాను.

అత్తయ్య పక్కనే ఉంది. అన్నీ విన్నది. 

ఆ పొద్దున ఆఫీసులో కూర్చోలేను, నిలబడలేను. కాలుగాలిన పిల్లిలా ముందు గదికీ వెనక గదికీ తిరుగుతున్నాను. కట్టిన సంచులు విప్పాను, విప్పినవి మళ్ళీ కట్టాను. నూనె ప్యాకెట్లు పైన పెట్టాలా కింద పెట్టాలా అని రేడియోతో దెబ్బలాట పెట్టుకున్నాను.

“కిందే పెట్టమని నిన్న నువ్వే కదక్కా చెప్పావు?”

“నిన్న చెప్పాను. ఇవాళ పైన పెట్టమంటున్నాను. నీకేమైనా నష్టమా?”

రేడియో నా మొహంలోకి చూసింది. వాళ్ళిల్లు మా పక్క వీధే. “అక్కా, ఇంట్లో అంతా...” అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుంది. “అంతా ఎండగా ఉంది కదా, ఫ్యాను వెయ్యనా?”

“ఫ్యానూ వద్దు, గీనూ వద్దు. పని చూడు.”

దానికి తెలిసిందా? ఎవరు చెప్పారు? కరెంటువాళ్ళు నోటీసు తలుపు సందులో గుచ్చి పోయారు కదా, వీధిలో ఎవరి కంటైనా పడిందేమో. తలుచుకుంటేనే తల కొట్టేసినట్టయింది. తెలిస్తే మాత్రం, అడిగితే నేను ఒప్పుకుంటానా?

కాసేపటికి మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన ఊరికే నిలబడే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

“నాతో ఏమైనా చెప్పాలా అమ్మా?”

“చెప్పాలి. ఈసారి సబ్బులు తక్కువొచ్చాయి. ఆ కొట్టువాడు మనల్ని మాయ చేస్తున్నాడు.”

“సబ్బులేనా?”

“సబ్బులే.”

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఈ మనిషి సొమ్మేం పోయేది? అడక్కూడదని చెప్పింది నేనే కదా అని గుర్తొచ్చి, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గుమ్మంలో చెప్పులు సర్దాను.

అప్పుడొచ్చాడు ఇస్త్రీ దుకాణం ఆయన. సరాసరి వెనక గదిలోకి తీసుకెళ్ళి అడిగే కుర్చీలో కూర్చోబెట్టాను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. గుక్కెడు నీళ్ళు తాగాడు. గొంతు సవరించుకున్నాడు. ‘ఏం లేదమ్మా, ఊరికే వచ్చాను’ అన్నాడు. నేను కదల్లేదు. ఇలాంటప్పుడు కదలకూడదు, మాట అందించకూడదు. చివరికి ఆయన నేల చూస్తూ అన్నాడు.

“షాపులో కరెంటు తీసేస్తారంటమ్మా. తీసేస్తే పెట్టె వేడెక్కదు. పెట్టె వేడెక్కకపోతే మా పొయ్యి వెలగదు.”

“ఎప్పటికి కావాలి?”

“ఇవాళ సాయంత్రం లోపు.”

మా ఇంటి గడువూ అదే. పైకి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మూడో ప్రశ్న కూడా అడిగాను. చిన్నపిల్లకు పాలడబ్బా కావాలన్నాడు. ఇచ్చాం. ఆయన ఎదురుగానే కరెంటాఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి గుమస్తాకు నా గొంతు బాగా పరిచయం.

“ఏమయ్యా, ఇస్త్రీ షాపు కనెక్షన్ మీద చెయ్యి వేశావంటే నీ టేబుల్ ముందే చాప పరుచుకుని కూర్చుంటాను. మేం కడుతున్నాం. మాస్టారు సంతకం పెట్టేస్తున్నారు.”

“అబ్బా, ఎందుకు మేడమ్ అంత అరుస్తారు? ఆపేస్తాలెండి,” అన్నాడు గుమస్తా. తర్వాత, “ఇంకేమైనా ఉన్నాయా మేడమ్? లైన్‌మన్ లిస్టు తీసుకుని బయల్దేరబోతున్నాడు. ఉంటే ఇప్పుడే చెప్పండి,” అన్నాడు.

ఉన్నది. నా నాలుక చివరే ఉన్నది. మా ఇంటి మీటరు నంబరు నాకు కంఠతా వచ్చు. మేజాకు ఆ పక్క ఇస్త్రీ ఆయన నన్నే దేవతను చూసినట్టు చూస్తున్నాడు. గుమ్మంలో రేడియో ఊపిరి బిగబట్టి నిలబడింది.

“ఇంకేం లేవు,” అని ఫోన్ పెట్టేశాను.

ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన గండం గట్టెక్కింది. నేనేమో కుర్చీలో కూలబడి, ఎంత తెలివితక్కువదాన్ని, ఎంత పొగరుబోతుదాన్ని అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుని ఏం లాభం, మళ్ళీ ఫోన్ తీయాలి కదా? తీయలేదు. గడియారం చూడ్డం, కిటికీలోంచి వీధి చూడ్డం, నీళ్ళు తాగడం. అన్నం వేళకు రేడియో డబ్బా తెరిచి ‘తిందాం రా అక్కా’ అంటే ఆకలి లేదన్నాను. కడుపులో పేగులు అరుస్తూనే ఉన్నాయి.

ఎండ కాస్త తగ్గాక ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అత్తయ్య ఎత్తలేదు. నిద్రపోతోందేమో. స్నానానికి వెళ్ళిందేమో. పక్కింటికి వెళ్ళిందా? ఆవిడ పక్కింటికి వెళ్ళదే! మూడోసారీ మోగి ఆగిపోయింది.

“నేనొకసారి ఇంటికి వెళ్ళొస్తాను,” అన్నాను లేచి.

“పద అక్కా, నా స్కూటర్ మీద దింపుతాను,” అని రేడియో అప్పటికే తాళాలు తీసింది.

గుమ్మం దాటబోతుంటే కింద మెట్ల మీద ఏదో చప్పుడు. ఒక అడుగు, ఈల లాంటి ఊపిరి. ఇంకో అడుగు, మళ్ళీ ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలియకపోవడమేమిటి? గోడ పట్టుకుని ఎక్కి వస్తోంది అత్తయ్య. చంకకు గుడ్డసంచి. మొహం పాలిపోయింది, పెదవులు నల్లబడ్డాయి.

“అత్తయ్యా! ఒక్కరూ వచ్చారా? బస్సులోనా? బుద్ధుందా మీకు?” అరిచాను. నాకు భయమేస్తే అరుస్తాను, అదేం రోగమో.

మాస్టారు కుర్చీ లాగారు. రేడియో నీళ్ళు తెచ్చింది. “ఏమైంది పెద్దమ్మా? ఇంత ఆయాసంలో ఎందుకొచ్చారు?”

అత్తయ్య నీళ్ళు తాగలేకపోయింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి గుంజుకుంటూనే, నవ్వడానికి ప్రయత్నించింది.

“ఏం లేదమ్మా... కోడల్ని... చూసి పోదామని. పొద్దుపోక.”

నేను సంచి అందుకున్నాను. బరువుగా ఉంది. మూతి విప్పబోతే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. నన్ను కిందికి లాక్కుని చెవిలో చెప్పింది.

“లైన్‌మన్... మధ్యాహ్నమే వచ్చేశాడే. ఇక్కడ వెనకాల... ప్లగ్గు ఉంటుందా? ఎవరన్నా అడిగితే... మనింట్లో ప్లగ్గు పాడైందని... చెప్దాం.”

సంచిలో ఉన్నది మెషీను.

ఊపిరందని మనిషి, బస్సెక్కి, మెట్లెక్కి, నా పరువు కోసం ఒక అబద్ధం కూడా దారిలో తయారుచేసుకుని వచ్చింది. నలుగురి ముందూ ‘నాకు ఊపిరాడటం లేదు, మా ఇంట్లో కరెంటు పోయింది’ అనడానికి ఆవిడకేం అడ్డం? నేనే. నేను చచ్చినా అడగనన్న ఆ ఒక్క మాట. ఆ మాట అన్నది నేను, చావబోయింది ఆవిడ. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

వెనక గదిలో ప్లగ్గు ఒక్కటే ఉంది, అడిగే కుర్చీ పక్కన. ఆవిడను అక్కడే కూర్చోబెట్టాం. మందు పోసి, మాస్కు మొహానికి పెట్టి స్విచ్చి వేశాను. బుర్రుమంది. తెల్లటి ఆవిరి వచ్చింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది.

తిరిగి చూస్తే గుమ్మంలో మాస్టారు, ఆయన వెనక రేడియో. ఇద్దరికీ అర్థమైపోయింది. ఎవరికి కాదు? కానీ ఇద్దరూ నోరు తెరవలేదు. రేడియో కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, చేతిలో స్కూటర్ తాళాలు నలుపుతోంది. నా నియమం వాళ్ళ నోళ్ళు కట్టేసింది. అడిగేదాకా ఇవ్వకూడదు. మాట అందించకూడదు. ఆ పాఠం నేనే బట్టీ పట్టించాను.

మాస్టారు మెల్లగా వచ్చి మేజాకు అవతల, నేను రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. అడిగే కుర్చీలో అత్తయ్య ఉంది. నాకు కుర్చీ లేదు. నిలబడే ఉన్నాను.

 మేజా మీద చెయ్యి పెట్టాను, తీశాను. ఎంతసేపైనా ఆయన కదల్లేదు, అటూ ఇటూ చూడలేదు.

“మాస్టారూ,” అన్నాను. “మా ఇంట్లో కరెంటు తీసేశారు. బిల్లు కట్టలేకపోయాను. మీరు కట్టాలి.”

“కడతాం అమ్మా. ఎప్పటికి కావాలి?”

“ఎప్పటికేంటి మాస్టారూ? అయిపోయిందిగా.” 

“ఇంట్లో ఇంకెవరికైనా ఏమైనా కావాలా?”

“వద్దు. ఇంకేం వద్దు.”

అత్తయ్య మాస్కు పక్కకు లాగింది. “కావాలి. సరుకులు కావాలి. ఇది పొద్దున పూట తినడం మానేసింది. తిన్నానని నాతో అబద్ధం చెబుతుంది. గిన్నెలు కడిగేది నేను కదా, నాకు తెలియదనుకుంటుంది.” చెప్పేసి మాస్కు పెట్టుకుంది.

ఇక నేను ఏడ్చేశాను. గోడకు తిరిగి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. రేడియో వచ్చి నన్ను పట్టుకుంది. నా కంటే అదే ఎక్కువ ఏడ్చింది.

మాస్టారు తానే ఫోన్ చేసి, స్పీకరు పెట్టారు. గుమస్తా మా చిరునామా విని, “అయ్యో! అది మేడమ్ వాళ్ళిల్లా? పొద్దున అడిగాను కదా సార్, ఇంకేమైనా ఉన్నాయా అని? అప్పుడే చెప్పి ఉంటే లిస్టులోంచి తీసేసేవాణ్ణి,” అన్నాడు. ఎవరి మీదైనా అరిచేదాన్ని, అతని మీద ఒక్క మాట అనలేకపోయాను. లైన్‌మన్ డ్యూటీ దిగిపోయాడట. మళ్ళీ కనెక్షన్ ఇచ్చేది రేపు పొద్దున్నేనట.

అంటే ఈ రాత్రి? ఇలా మెట్లెక్కొచ్చిన రోజు రెండుసార్లతో సరిపోదు, పడుకోబోయే ముందు అత్తయ్య ఇంకోసారి ఆవిరి పట్టాలి. తెల్లవారుజామున కూడా కావాలి. ఆఫీసులో చూస్తే నేల తప్ప ఏమీ లేదు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. రేడియో నా పక్కనే, నా చెయ్యి పట్టుకునే ఉంది. దానికి రెండు గదుల ఇల్లు, పక్క వీధిలో, కరెంటుతో. అది ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. అప్పుడు కూడా! నియమం నియమమే. ఒకసారి అడిగాను కదా, ఇంక సరిపోదా అనిపించింది నాకు. సరిపోలేదు. సంఘం దగ్గర అడిగాను, అది అందరిదీ. ఇది పొద్దున్నుంచీ నా చేత తిట్లు తిన్న పిల్ల.

“ఈ రాత్రికి మేమిద్దరం మీ ఇంట్లో పడుకోవచ్చా?” అని అడిగాను. మొదటిసారి కంటే ఇదే కష్టమైంది.

“అమ్మయ్య,” అంది రేడియో. ముక్కు తుడుచుకుని, “పదండి. పెద్దమ్మకి మంచం, మనిద్దరికీ కింద చాప. నువ్వు గురక పెడితే మాత్రం ఊరుకోను,” అంది. స్కూటర్ తీయడానికి గబగబా కిందికి పరిగెత్తింది.

మెషీను ఆగాక సంచిలో సర్దాను. అత్తయ్య మొహంలోకి కాస్త రంగు వచ్చింది. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. సగం దిగాక ఆగింది. ఆయాసం వచ్చిందేమోనని ఆగాను.

“ఏమే,” అంది. “నా ప్రాణం పోతున్నా నీ నోరు రాలేదు. అంత కష్టమా అడగడం?”

“కష్టమే అత్తయ్యా.”

“మరి ఇన్నాళ్ళ నుంచీ వచ్చినవాళ్ళందరి చేతా అడిగిస్తున్నావు కదే. అడగలేక ఈ మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళు ఎంతమందో ఎప్పుడైనా చూశావా?”

ఆవిడ నన్ను దెప్పడానికి అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది, నా మొహంలోకి చూస్తూ.  కింద వీధిలో రేడియో హారన్ కొడుతోంది.

“మెట్టు చూసుకోండి అత్తయ్యా,” అన్నాను.